తెల్ల వైన్ కింద నల్లచుక్క

శివజ్యోతికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. ఉన్న పని ఊడిపోతుందని. తన చేతగానితనం వల్ల ఊడితే ఏడ్చి ఊరుకునేది. మొగుడి తెలివితేటల వల్ల ఊడుతుందేమోనని ఆమె దిగులు.

ఆ తెలివితేటలు ఆ పొద్దున సంగటి ముద్ద ముందర కూర్చుని, పచ్చిమిరపకాయ కొరికి, కండ్లలో నీళ్లు తిరుగుతుండగా ఇట్లా ప్రకటించాయి:

“జ్యోతీ, గుర్తు పెట్టుకో. ఈ సీమ గడ్డ మీద ఇంతవరకు రెండే రెండు మెదళ్లు పుట్టినాయి. ఒకటి నాది.”

“రెండోది?”

“ఇంకా దొరకలే. వెతుకుతాండా.”

“ఆ వెతికేదేదో డ్రిప్పు పైపుల్లో వెతుకు మామా. పడమటి పక్క సాళ్లకు నీళ్లు పోలేదని సుప్రజక్క నిన్న గూడా అడిగె.”

ఉమామహేశ్ గొంతు తగ్గించాడు. “నీళ్లు పోకపోవడం వెనక ఎవరి హస్తం ఉండాదో నాకు తెలుసు.”

“ఉడత కొరికింది. నేను చూసినా.”

“ఉడత పైకి కనిపించే పాత్ర. దాని వెనక ఎవరుండారనేదే ప్రశ్న.”

శివజ్యోతి పాప మూతి తుడిచి, చంకన వేసుకుని పనికి బయల్దేరింది. ఉడత వెనక ఎవరున్నారో ఆలోచిస్తే తనకు ఆలస్యమవుతుంది.

నందికొట్కూరు దాటినాక వచ్చే భూపేష్ సారు ద్రాక్షతోటలో ఉమామహేశ్ డ్రిప్పు పైపులు చూసే మనిషి. ఫోన్లో మాత్రం అతని పేరు కింద ‘ప్రైవేట్ డిటెక్టివ్. నేరస్థుల గుండెల్లో గునపం’ అని ఉంటుంది. అప్పటికి ఆ గునపం దిగిన కేసులు రెండు. పక్కింటి గిడ్డమ్మ తన కోడి పోయిందని ఏడిస్తే, దొంగను పట్టి తీరతానని శపథం చేశాడు. ఆ మధ్యాహ్నమే స్నేహితుడు వీరేష్ ఇంట్లో కోడికూర పిలుపుకు పోయి, అడిగి మళ్లీ వేయించుకుని, కూర బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకుని, మూతి తుడుచుకుని దొంగ కోసం బయల్దేరాడు. ఇక రెండో కేసు సైకిల్‌ది. పోయిన ఆ సైకిల్ మీదే ఎక్కి, ఆ సైకిల్ కోసం ఊరంతా గాలించాడు.

తోట సంగతి వేరు. కడప బండలు నిలువునా పాతి, వాటి మీద తీగెలు లాగి కట్టిన పందిరి. దాని మీద అనాబ్ ద్రాక్ష. భూపేష్ తండ్రి నాటినవి. మొదళ్లు ఇప్పుడు పహిల్వాను తొడలంత లావు. చుట్టుపక్కల వాళ్లు ద్రాక్ష పీకేసి మిరప పెట్టిన కాలంలో భూపేష్ గూడా పొక్లెయిన్ తెప్పించాడు. వాళ్లమ్మ రామలక్ష్మమ్మ అవ్వ పోయి పందిరి కింద చాప పరుచుకుని పడుకుంది. పొక్లెయిన్ డ్రైవర్ టీ తాగి, అన్నం తిని, ఇంకో టీ తాగి వెళ్లిపోయాడు. అట్లా మిగిలిన తీగల పండ్లతోనే ఇప్పుడు భూపేష్ కూతురు సుప్రజ, నాసిక్‌లో చదువుకుని వచ్చి, తెల్ల వైన్ చేస్తోంది. పేరు ‘పాత పందిరి’. ముసలి తీగ తక్కువ కాస్తుంది, కాసినదాన్లో సారం మాత్రం చిక్కగా ఉంటుందని ఆమె చెప్తుంది.

అతిథులు వస్తే భూపేష్ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, “లోకమంతా పీకేయమన్నా నేను పీకనీలేదండీ” అంటాడు. అప్పుడు అవ్వ వక్కాకు నములుతూ ఆకాశం వైపు చూస్తుంది.

శివజ్యోతి పని సీసాలకు లేబుల్ అంటించి అట్టపెట్టెల్లో సర్దడం. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించిన పిల్లకు నీడపట్టున కూర్చుని చేసే పని దొరకడమే గొప్ప. అంతకన్నా గొప్ప, ఆ గదిలో దూలానికి చీర ఉయ్యాల కట్టి పాపను పండబెట్టుకోవచ్చు. సుప్రజ ఏమీ అనదు. ఈ పని పోతే మిగిలేది మిరప కోత. పోయినేడు ఆ పనికే పోయింది. తుమ్మచెట్టు కింద పాపను కూర్చోబెట్టి, సాలు సాలుకూ వెనక్కి తిరిగి చూసుకుంటూ కోసింది. సాయంత్రం ఘాటు అంటిన చేతులతోనే ఎత్తుకుంటే పాప కండ్లు రుద్దుకుని గుక్కపట్టి ఏడ్చింది. అట్లాంటి ఏడుపు తల్లి చెవిలోంచి అంత సులభంగా పోదు.

ఆ పొద్దు ఆమె ఇంకా మొదటి పెట్టె గూడా సర్దకముందే భూపేష్ సారు గదిలోకి వచ్చాడు. వెనక సుప్రజ. సారు చేతిలో సీసా తలకిందులుగా ఉంది.

విషయమేమంటే, బెంగళూరులో ఒక పెద్ద హోటల్ వాళ్లు ‘పాత పందిరి’ తెప్పించుకుంటున్నారు. అక్కడ వడ్డించేవాళ్లు సీసాను మెడ పట్టుకుని వంచరంట. అడుగున లోపలికి నొక్కినట్టుండే గుంటలో బొటనవేలు దూర్చి, సీసాను చంటిబిడ్డలా చేతి మీద పడుకోబెట్టి పోస్తారంట. ఒక పెండ్లి విందులో అట్లా పోసిన ఒకాయన తెల్ల గ్లవుసుకు నల్లటి జిడ్డు మరక అయింది. ఆ గ్లవుసు పోయి పెళ్లికూతురు పట్టుచీరకు తగిలింది. సీసాలన్నీ తిప్పి చూస్తే కొన్నిటి అడుగున, ఆ గుంట నడిమధ్య, గుండ్రంగా నల్లచుక్క ఉంది.

“మన దగ్గరుండే సీసాల్లోనూ కొన్నిటికి ఉండాది,” అన్నాడు భూపేష్. “రేపు హోటల్ తరఫున ఆనందం గారు స్వయంగా వస్తాండారు. ఆయన వచ్చేలోపల ఈ చుక్కలు ఎవరు పెట్టినారో తేలల్ల. తేలినోళ్లు ఆ పొద్దే ఇంటికి పోతారు. సీసాలు చివరగా తాకేది ఎవరు?”

జవాబు అక్కరలేని ప్రశ్న. గదిలో సీసాలు తాకేది శివజ్యోతి ఒక్కతే.

“నేను గాదు సారూ,” అంది.

అప్పుడు కిటికీ బయటి నుంచి ఒక తల లేచింది.

“సార్! ఈ కేసు నాకు వదలండి.”

“నువ్వెవరప్పా?” అన్నాడు భూపేష్ ఉలిక్కిపడి.

“డిటెక్టివ్ ఉమామహేశ్.”

“డ్రిప్పు ఉమామహేశ్ గదా?”

“పగలు డ్రిప్పు సార్. లోపల డిటెక్టివ్.” తల కిటికీలో మాయమై, కాసేపటికి మనిషితో సహా తలుపులోంచి వచ్చింది. సీసా తీసుకుని, చుక్క వైపు చూసి, కండ్లు మూసుకుని, పెద్దగా ఊపిరి పీల్చాడు. “ఇది మామూలు చుక్క గాదు సార్. ఈ చుక్క వెనక ఒక చెయ్యి. ఆ చెయ్యి వెనక ఒక ముఠా. ఆ ముఠా వెనక సముద్రం.”

“కర్నూలుకు సముద్రం యాడిదప్పా?”

“అదే సార్ వాళ్ల తెలివి.”

సుప్రజ నుదురు పట్టుకుంది. ఉమామహేశ్ ఆగలేదు. “చుక్క ఉండే సీసాల్లో అసలు వైన్ లేదు. కల్తీ! గుర్తు కోసం అడుగున చుక్క పెడతాండారు.”

“నేను తాగి చూసినా ఉమా. వైన్ మనదే. తేడా ఏం లేదు,” అంది సుప్రజ.

“అంటే మీకు గూడా తెలియనంత బాగా కల్తీ చేసినారన్నమాట!” అని భూపేష్ వైపు తిరిగాడు. “చూసినారా సార్, ఎంత పెద్ద ముఠానో.”

భూపేష్‌కు ఆ మాట నచ్చింది. తన వైన్‌కు అంత పెద్ద ముఠా పట్టిందంటే వైన్ గూడా అంత పెద్దదే అయ్యుండాలి. “సరే. రేపటిదాకా చూడు,” అని మీసం సవరించుకున్నాడు.

శివజ్యోతి ఉయ్యాలలో పాపను సర్ది, మొదటి పెట్టె ముందర కూర్చుంది.

పరిశోధన మొదలైంది. ఎండకు బండలు పేలుతున్న ఆ పూట ఉమామహేశ్ తీగలకు పురుగుమందు కొట్టేటప్పుడు వేసుకునే నల్ల రెయిన్‌కోటు తొడుక్కుని, కాలరు పైకెత్తి, తోటలో తిరిగాడు. ద్రాక్షరసం తీపి చూసే గొట్టం ఒకటి సుప్రజ బల్ల మీద ఉంటే దాన్ని కంటికి ఆనించుకుని ఒక్కొక్కరినీ పరీక్షగా చూశాడు.

“కదలొద్దండి సార్. మీరు గూడా అనుమానితులే.”

“నేనా? నా తోటలో నేనా?” అన్నాడు భూపేష్.

“ఓనర్లే ఎక్కువ చేస్తారు సార్. ఇన్సూరెన్సు కోసం.” గొట్టంలోంచి ఇంకాస్త వంగి చూశాడు. “మీకు తీపి ఇరవై మీదే చూపిస్తాండాది.”

“యో, నిన్ననే డాక్టరు గూడా అదే చెప్పినాడు,” అని భూపేష్ దిగాలు పడి, మధ్యాహ్నం అన్నంలో బెల్లం పరమాన్నం తినకుండా లేచిపోయాడు. ఆ పొద్దు పరిశోధనలో జరిగిన మేలు అదొక్కటే.

తర్వాత వేలిముద్రల కోసం పాప పౌడరు డబ్బా తెచ్చి సీసాల మీద గుమ్మరించాడు. ముద్రలు దొరికాయి. అన్నీ అతనివే. సుప్రజ ఆ సీసాలన్నీ మళ్లీ కడిగించింది. అంటే శివజ్యోతే కడిగింది.

అవ్వ వరండాలో కూర్చుని వక్కాకు దంచుకుంటోంది. ఉమామహేశ్ ఆమె ముందర ఒక మోకాలి మీద కూర్చున్నాడు.

“అవ్వా, ఈ మధ్య తోటలో అనుమానంగా తిరిగే మనిషిని ఎవరినన్నా చూసినావా?”

“చూసినా.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే. వాన లేకుండా వానకోటు ఏసుకోనుండాడు.”

“జోకులొద్దవ్వా, ఇది ప్రాణాల మీదికొచ్చే కేసు. సీసాల అడుగున చుక్క…”

“ఏం ముక్క?”

“చుక్క!”

“కుక్కనా? అది పక్కతోట ప్రేమమ్మ వాళ్ల కుక్క. ఏమీ అనదు. పోయి పైపులు చూస్కో పో నాయనా, పడమటి తీగలు వాడిపోతాండాయి.”

ఉమామహేశ్ లేచి మోకాలు దులుపుకుని, ఫోన్ నోటి కాడ పెట్టుకుని రికార్డు చేశాడు. “సాక్షి ఒకటి. ముసలామె. చెవుడు. కేసుతో సంబంధం శూన్యం. కొట్టేయడమైనది.”

సీసాల దగ్గరే ఒక సంగతి దొరికింది. దాన్ని కనిపెట్టింది గూడా సుప్రజే. చుక్కలున్నవన్నీ ముందర హాల్లో అద్దాల అల్మారాలో పెట్టి అతిథులకు చూపించి, తర్వాత పెట్టెల్లోకి పంపిన సీసాలు. గోడౌన్‌లోంచి నేరుగా పోయినవాటికి చుక్క లేదు.

“అంటే బయటోళ్లు చూసిన సీసాలకే చుక్క పడతాండాది,” అంది సుప్రజ తనలో తాను.

“అంటే, ముఠా మనిషి అతిథి వేషంలో వస్తాండాడు!” అని ఉమామహేశ్ చిటికె వేశాడు. తర్వాత ముక్కు సీసా అడుగున పెట్టి మళ్లీ వాసన చూశాడు. “ఆముదం. మసి. ఈ వాసన నాకు తెలుసు. యాడనో… శానా దగ్గర్లో…”

ఆ వాసన ఎక్కడిదో సాయంత్రం ఇంట్లో తెలిసింది. శివజ్యోతి పాపకు నీళ్లు పోసి, ఒళ్లో పండబెట్టుకుని, ఆముదం దీపం మీద పట్టిన కాటుక కండ్లకు దిద్దుతోంది. ఉమామహేశ్ తలుపు కాడ ఆగిపోయాడు. పాప కండ్లు చూశాడు. పెండ్లాం వేలి కొస చూశాడు. ఆ వేలు పట్టుకుని ముక్కు కాడ పెట్టుకున్నాడు.

“జ్యోతీ… నువ్వా?”

“ఏంది నేనా?”

“నా ఇంట్లోనే. నా కంచంలోనే సంగటి పెడతా…” అతను వేలు ఇంకా వదలలేదు. “ముఠాకు ఎప్పుడు అమ్ముడుపోతివి?”

శివజ్యోతి వేలు లాక్కుంది. “నీ తెలివికి మన్ను పొయ్య! చంటిబిడ్డ ఉండే ప్రతి ఇంట్లో ఈ వాసనే ఉంటాది. పో, గిడ్డమ్మ ఇంట్లో పోయి చూడు, వాళ్ల మనవరాలికీ పెట్టినారు. ఆ లెక్కన ఊరంతా ముఠానే.”

“ఊరికి సీసాలు అందుబాటులో లేవు. నీకుండాయి.”

ఆ మాటకు ఆమెకు కోపం పోయి, దాని చోట భయం వచ్చి కూర్చుంది. పిచ్చి మాటే, కానీ భూపేష్ సారు చెవిన పడితే పిచ్చిదిగా ఉండదు. పాపను భుజాన వేసుకుని మొగుడి చెయ్యి పట్టుకుంది.

“మామా, నేను పెట్టలేదు. పాప మీద ఒట్టు. రేపు ఆ హాల్లో నువ్వు నోరు తెరిస్తే నా పని పోతాది. దీన్ని మళ్లా తుమ్మచెట్టు కింద వదలల్ల. నోరు తెరవనని మాటియ్యి.”

ఉమామహేశ్ పైకప్పు రేకుల వైపు చూశాడు. ఒక పక్క ధర్మం, ఒక పక్క సంసారం. నడిమధ్య మెదడు.

“సరే. నోరు తెరవను. మాట తప్పే వంశం గాదు మాది.”

శివజ్యోతి నమ్మింది. పెండ్లయి ఇన్నేండ్లయినా ఆమెకు ఆ అలవాటు పోలేదు.

మరునాడు ఆనందం గారు వచ్చాడు. గుండ్రటి మనిషి, గుండ్రటి కండ్లద్దాలు, బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగాయన. హాలంతా కడిగి ముగ్గు పెట్టారు. అల్మారాలో సీసాలు, కిటికీ పక్కన తలకిందులుగా బోర్లించిన పెద్ద కొయ్య పీపా. అది వైన్‌కు వాడేది కాదు. ఒక పక్క మూత ఊడిపోయిన పాత పీపాను అందానికని భూపేష్ కొనుక్కొచ్చాడు. గ్లాసులు పెట్టుకునే బల్లలాగా వాడతారు. దాని పొట్ట మీద, ఒకప్పుడు వైన్ పోసిన బొక్క బిరడా లేకుండా నోరు తెరుచుకుని ఉంటుంది.

భూపేష్ ఛాతీ మీద చెయ్యి పెట్టి, “లోకమంతా పీకేయమన్నా…” అని ఎత్తుకున్నాడో లేదో, రెయిన్‌కోటు నడిమధ్యకు వచ్చి నిలబడింది. ఉమామహేశ్ పెదాలు గట్టిగా బిగించి ఉన్నాడు. శివజ్యోతి వైపు చూసి, నోరు తెరవలేదు చూడు అన్నట్టు తల ఊపి, జేబులోంచి ఫోన్ తీసి, పైకెత్తి, నొక్కాడు.

ఫోన్ మాట్లాడింది. “సోదర సోదరీమణులారా! చుక్కల ముఠా గుట్టు రట్టయింది. నేరస్థురాలు మన మధ్యనే ఉంది. ఆమె చేతిలో కాటుక, చేతికింద సీసాలు. చెప్పడానికి నా గుండె పగులుతాండాది. ఆమె నా ధర్మపత్ని శివజ్యోతి. చట్టం ముందర తాళిబొట్టు గూడా…”

ఇంతలో ఫోన్ మోగింది. రీఛార్జ్ అయిపోవచ్చిందని ఒక ఆడగొంతు తియ్యగా హెచ్చరించింది.

భూపేష్ ముఖాన నవ్వు అతికించినట్టు ఉండిపోయింది. “చూసినారా ఆనందం గారూ, మా దగ్గర దాపరికం అనేదే ఉండదు,” అని అతిథికి చెప్పి, శివజ్యోతి పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. “బిడ్డను ఎత్తుకోని పో. రేపటి నుంచి రావద్దు.”

“నేను పెట్టలేదు సారూ.”

“నీ మొగుడే చెప్తాండాడు గదమ్మా.”

“ఆయన ఉడత వెనక గూడా ఎవరో ఉండారంటాడు సారూ!”

“నాన్నా, ఒక్క నిమిషం…” అంది సుప్రజ.

“నువ్వు గ్లాసులు చూడు తల్లీ.”

సుప్రజ గ్లాసులు చూసింది.

శివజ్యోతి లేబుల్ గదికి పోయింది. దూలానికి కట్టిన చీర ముడి అందుకుంది. ఉయ్యాల ఊగకుండా ఆగేసరికి పాప లేచి, కొత్త చోటేదో చూసినట్టు బిత్తరపోయింది. చీర మడిచి, పాపను చంకనేసుకుని, గది తాళంచెవి సుప్రజకు ఇద్దామని హాలుకు తిరిగి వచ్చింది. మొగుడి కోసం వెతికింది. నాలుగు మాటలన్నా అనాలని. రెయిన్‌కోటు ఎక్కడా కనపడలేదు. ఈలోపల అతిథికి తీగలు చూపించడానికి పోయినవాళ్లంతా తిరిగొచ్చారు. వాళ్ల వెనకే అవ్వ గూడా తీగల కాడి నుంచి వచ్చి, పీపా పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఏమి జరిగిందో ఆమెకు తెలియదు. చెప్పినవాళ్లూ లేరు.

ఆనందం గారు గ్లాసు ఎత్తి, తిప్పి, వాసన చూసి, గుక్క వేశాడు. కండ్లు మూసుకున్నాడు. అంతవరకు ముఖంలో ఉన్న ఫిర్యాదు కరిగిపోయింది.

“అబ్బ! భూపేష్ గారూ, ఇదేం వైనండీ! ఎండకు కాలి వానకు తడిసిన రాయి వాసన. మామిడి పూత. గొంతు దిగినాక గూడా వదలడం లేదు. ముసలి తీగలంటే ఏమో అనుకున్నా…”

అవ్వ వక్కాకు నమలడం ఆపింది. మొహం ముడుచుకుంది.

“ఈ సీసా గూడా ఎంత ముద్దుగా ఉందో,” అన్నాడాయన. అవ్వ కూర్చున్న చోట కదిలింది.

“ఇక ఈ పీపా చూడండి!” ఆనందం గారు పీపాను ప్రేమగా తట్టాడు. “ఇంత అందమైన పీపా బెంగళూరు మొత్తంలో లేదు.”

ఇక అవ్వ వల్ల కాలేదు. అందరూ గ్లాసుల వైపు తిరిగి ఉన్నారని చూసుకుని, రొంటిన దోపుకున్న చిన్న భరిణె తీసింది. చూపుడువేలు అందులో అద్దింది. పీపా వైపు వంగి, చూపు ఆనక తడుముకుంటూ, దాని పొట్ట మీద వేలు పెట్టబోయింది. వేలు నేరుగా పోయి ఆ బొక్కలో దిగింది.

“దొరికినాడూ! ముఠా నాయకుడు దొరికినాడూ!” అని పీపా అరిచింది.

“ఓ దేవుడో! పీపా కరిచె!” అని అవ్వ అరిచింది.

పీపా లేచి నిలబడింది. రెండు కాళ్లు మొలిచాయి. గ్లాసులు జారి పగిలాయి. అవ్వ వేలు లోపల, అవ్వ బయట. పీపా ఎటు పోతే అవ్వ అటు. “వదలను! చచ్చినా వదలను! వేలు నా చేతిలో ఉండాది, పోలీసులను పిలవండి!” అంటోంది పీపా. “ఇడువురా పీపా, నీ కడుపు కాల!” అని అవ్వ రెండో చేత్తో బాదుతోంది. పాప ఇదంతా తన కోసమే అనుకుని చప్పట్లు కొట్టింది.

భూపేష్, ఆనందం గారు కలిసి పీపాను పైకెత్తారు. కింద రెయిన్‌కోటు. చెమటతో తడిసి ముద్దయిన ఉమామహేశ్, కండ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో అవ్వ వేలు మెలితిప్పి పట్టుకుని ఉన్నాడు. అతని ముక్కు కొసన గుండ్రంగా, జిడ్డుగా నల్లచుక్క.

ఆ వేలు ఎవరిదో చూసుకున్నాక అతను వదిలేశాడు. ముఠాలకు జంకని ఆ మొనగాడు పెండ్లాం చూపుకు జడిసి, అందరూ తీగలు చూడ్డానికి బయటికి పోయినప్పుడు పీపా కింద దూరాడని తర్వాత తేలింది.

సుప్రజ అతని ముక్కు చూసింది. అవ్వ భరిణె చూసింది. “అవ్వా… సీసాలకు చుక్క పెట్టేది నువ్వా?”

“పెట్టకుంటే?” అవ్వ వేలు ఒళ్లో పెట్టుకుని ఒత్తుకుంటూ గయ్యిమంది. “వచ్చినోడల్లా అబ్బ అబ్బ అంటాండె. పచ్చగుండే తీగ గూడా నరుల కంట పడితే ఎండిపోతాది. నాటినాయన లేడు. చూసుకునేదాన్ని నేనొకతే. ముఖాన పెడితే మీరు తుడిచేస్తారని, చంటిబిడ్డకు పెట్టినట్టు అరికాల్లో పెట్టినా. ఎవరు చూసేటట్టు పెట్టినా చెప్పు?”

“పోసేటోళ్లు అడుగున వేలు పెడతారవ్వా.”

“సీసాకు అడుగున వేలు పెట్టే ముండాకొడుకులు ఉంటారని నాకేం తెల్సు!”

ఆనందం గారు ముందు దగ్గాడు. తర్వాత నవ్వాడు. కండ్లద్దాలు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు. “భూపేష్ గారూ, దిష్టిచుక్క పెట్టిన వైన్ నేను ఇంతవరకు ఎక్కడా తాగలేదు. ఇక మా హోటల్‌కు చుక్క ఉండే సీసాలే పంపండి. చుక్క లేకుంటే తీసుకోం.”

“అది మా ఇంటి ఆచారమండీ,” అన్నాడు భూపేష్ వెంటనే, చెయ్యి దానంతట అదే ఛాతీ మీదికి పోగా. “తరతరాలుగా వస్తాండాది. నేనే పట్టుబట్టి నిలబెట్టినా.”

అవ్వ ఆకాశం వైపు చూడబోయి, పైకప్పు అడ్డమొచ్చి, కొడుకు వైపే చూసింది.

శివజ్యోతి తాళంచెవి ఇంకా చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. అందరి ముందర మాట్లాడటం ఆమెకు చేతకాదు. పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని అడిగింది.

“సారూ, నేను ఉండల్లనా, పోవల్లనా?”

భూపేష్ అతిథి వైపు ఒక చూపు వేసి, “నువ్వు ఎప్పుడు పోయినావమ్మా?” అన్నాడు.

“ఇందాకనే సారూ. మీరే పొమ్మంటిరి. పొమ్మన్న నోటితోనే ఉండమనండి, ఉంటా.”

అవ్వకు అప్పుడు సంగతి అర్థమైంది. “ఏమిరా? నా కాటుకకు ఆ బిడ్డ తల్లిని తీసేస్తివా? అయితే నన్నూ తీసెయ్యి. చాప యాడుందో నాకు తెలుసు.”

ఆ చాప పేరు వినగానే భూపేష్ దిగివచ్చాడు. “ఉండమ్మా. ఉండు,” అన్నాడు, గోడకు చెప్తున్నట్టు.

ఉమామహేశ్ ముక్కు మీది చుక్క తుడుచుకోకుండానే ఫోన్ నోటి కాడ పెట్టుకున్నాడు. “కేసు ముగిసింది. నేరస్థురాలిని స్వహస్తాలతో…”

శివజ్యోతి ఆ ఫోన్ లాక్కుని పాప చేతికిచ్చింది. పాప దాన్ని, పగలకుండా మిగిలిన ఒక గ్లాసులోని వైన్‌లో ముంచింది.

అట్లా శివజ్యోతి పని నిలబడింది. కాకపోతే ఆ పని ఇప్పుడు తోట ఆ కొసన కట్టిన కొత్త షెడ్డులో. హోటల్ వాళ్ల ఆర్డరు పెద్దదయింది కాబట్టి చుక్కను లేబుల్ మీదే అచ్చు వేయించారు. నల్లగా, గుండ్రంగా, అన్నిటికీ ఒకే కొలత. కింద ‘మా కుటుంబ సంప్రదాయం’ అని బంగారు అక్షరాలు, పక్కన భూపేష్ సారు ఫొటో. ఉయ్యాల కట్టుకోవడానికి షెడ్డులో ఇనుప కమ్మీ ఉంది, పాప హాయిగా నిద్రపోతుంది. ఉమామహేశ్‌ను సారు ఇంటి చాయలకు రావద్దన్నారు. పడమటి సాళ్లకు ఇప్పటికీ నీళ్లు పోవడం లేదు.

అవ్వ మాత్రం హాల్లో కనపడటం లేదు. అతిథులు వచ్చే పూట ఆమెను వెనక గదిలో కూర్చోబెడుతున్నారని పనివాళ్లు అనుకుంటున్నారు. ఆ వేలు వాచి, నల్లబడి, భరిణె మూత గూడా తీయలేకపోతోందని ఒకరు. నంద్యాలలో డాక్టరుకు చూపించారని ఇంకొకరు. ఎక్కడా చూపించలేదని మరొకరు. శివజ్యోతి సుప్రజను అడిగితే, “బాగానే ఉంది జ్యోతీ” అంటూ ఫోన్ వైపు చూసుకుంది. షెడ్డు వదిలి ఇంటి దాకా పోవడానికి ఆమెకు సెలవు లేదు. డిటెక్టివ్‌ను పంపే ధైర్యం అసలు లేదు.

మీరెవరన్నా నందికొట్కూరు దావన పోతా ఉంటే, ఆ తోట కాడ ఒక్క పూట ఆగండి. వైన్ తాగితే తాగండి, లేకుంటే లేదు. దాహమైందనో, ఇంకేదో సాకు చెప్పి ఇంటి వెనక పక్కకు పోండి. అక్కడ ఎడమ పక్క గదిలో రామలక్ష్మమ్మ అవ్వ ఉంటుంది. గట్టిగా మాట్లాడండి, చెవి సరిగా వినపడదు. ఆ కుడిచేతి చూపుడువేలు ముడుచుకోగలుగుతోందో లేదో చూడండి. అన్నం తానే కలుపుకుని తింటోందా, ఎవరన్నా తినిపిస్తున్నారా, అదొక్కటి కనుక్కుని, పోతా పోతా షెడ్డు కాడ ఆగి శివజ్యోతికి ఒక మాట చెప్పి పోండి.